అడుగు కాగితం

భద్రాచలంలో ఆఫీసుల సందు మొదట్లో, రేకుల పందిరి కింద నా టేబులు. పేరు వెంకటప్పయ్య. పదహారేళ్లుగా అక్కడే కూచుని జనానికి అర్జీలు టైపు కొట్టి ఇస్తున్నాను. మిషను ఇంగ్లీషుది, నాకంటే ముందు ముగ్గురి చేతులు మారింది. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. తల్లాడ దగ్గర మా నాన్న మిరపచేను కౌలుకు పట్టి, కూలీలు దొరక్క నన్ను చేన్లోకి దించాడు. ఆ ఏడు చేను ఎండిపోయింది, నా బడీ పోయింది. తరవాత ఖమ్మంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఊడ్చి, మిషన్లకు నూనె వేసి, వేళ్లు నేర్చుకున్నాను. పరీక్షకు కూచుంటానంటే పదో తరగతి సర్టిఫికెట్ ఏదన్నారు. నా పక్కన కూచుని నా వేళ్లు చూసి నేర్చుకున్నవాడు ఇవాళ పెద్ద ఆఫీసులో ఫ్యాను కింద టైపు కొడుతున్నాడు. వాడి పేరు రాయను, ప్రమోషన్ రావలసి ఉంది పాపం.

ఆఫీసర్లు చెప్పే ఇంగ్లీషులో తప్పులుంటే దిద్ది కొడతాను. దిద్దానని వాళ్లకు తెలియదు, చెప్పనూ చెప్పను. “టైపాయన్ని పిలువ్” అంటారు గానీ ఇన్నేళ్లలో ఈ సందులో ఒక్కడూ పేరు పెట్టి పిలవలేదు.

జాలి కోసం ఇదంతా రాయడం లేదు. 1987 ఎండాకాలంలో నా చేతులతోనే ఒక అబద్ధం టైపు కొట్టి, కింద సంతకం పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ ఒక పోలీసు స్టేషను బీరువాలో ఉంది. కడుపు మండి రాస్తున్నాను.

సిస్టర్ పిలార్‌ది స్పెయిన్ దేశం. దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోతే రేగులగుంపు అనే కోయగూడెంలో చిన్న దవాఖానా నడుపుతోంది. ఎవరికి ఏ మందు ఇచ్చింది, ఎవరికి తగ్గింది, ఎవరు దక్కలేదు, అంతా నెలనెలా తన దేశానికి రిపోర్టు పంపాలి. అది చూసి అక్కడివాళ్లు మందుల పెట్టెలు పంపుతారు. రిపోర్టు స్పానిషులోనే ఉండాలి, టైపులోనే ఉండాలి.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె నా టేబులు మీద రెండు కాగితాలు పరిచింది. ఒకటి తన చేతిరాత. రెండోది విజయవాడలో ఎవరో బాగా చదువుకున్న టైపిస్టు కొట్టింది. ఆ రెండోదాని నిండా అక్షరాల నెత్తిమీద నల్ల పెన్నుతో గీతలు దిద్ది ఉన్నాయి.

“ఇంగ్లీష్ మిషన్ల గీత లేదని ఆయన ఇడిచిపెట్టిండు,” అంది. ఆమె తెలుగు గూడెంలో నేర్చుకున్నది. “నేనే కూసోని పెట్టిన. నాలుగు వందల గీతలు. కండ్లు పోతున్నయి. మీ మిషన్ల ఉన్నదా?”

“మిషన్ల లేదు సిస్టర్. కాని పెట్టొచ్చు,” అన్నాను.

ఎట్లా పెట్టాలో ఆ క్షణాన నాకూ తెలియదు. విజయవాడ టైపిస్టు చేతకాదన్నది నేను చేయాలన్న పంతం, అంతే.

మన అక్షరానికి తలకట్టు లేకపోతే ఎట్లా బోసిపోతుందో, వాళ్ల అక్షరం కొన్ని చోట్ల ఆ గీత లేకపోతే అట్లాగే. ముందు అక్షరం కొట్టాలి. ఒక పన్ను, అంటే ఒక అక్షరమంత, వెనక్కి రావాలి. దాని నెత్తిమీద, ఇంగ్లీషులో పైన పెట్టే కామా ఉంటుంది చూడండి, అది కొట్టాలి. ఎన్ అక్షరం మీద ఒక్కోసారి వంకర గీత వస్తుంది. దానికి రోలరును చేత్తో పట్టుకుని, కాగితాన్ని వెంట్రుకవాసి కిందికి దించి, అడ్డగీత కొట్టాలి. ఎక్కువ దించితే గీత గాల్లో తేలుతుంది. తక్కువ దించితే అక్షరాన్ని కొట్టేసినట్టుంటుంది.

అన్నిటికంటే మొండిది ప్రశ్న. వాళ్లు ప్రశ్నకు చివరే కాదు, మొదట కూడా గుర్తు పెడతారు, అదీ తలకిందులుగా. మూడు రోజులు అన్నం సహించలేదు నాకు. నాలుగో రోజు కాగితాన్నే తలకిందులు చేశాను. పేజీ కొట్టేటప్పుడు ప్రశ్న మొదట్లో ఒక ఖాళీ వదిలి పోవాలి. అంతా అయ్యాక కాగితం తీసి, తలకిందులుగా ఎక్కించి, ఆ ఖాళీని వెతుక్కుని అక్కడ మామూలు ప్రశ్న గుర్తు కొట్టాలి. కాగితం మళ్లీ సరిగ్గా పట్టుకుంటే గుర్తు తలకిందులుగా నిలబడి ఉంటుంది. రెండు కాపీలు, మధ్యన కార్బను, ఏదీ జరగకుండా మొత్తం దొంతిని కలిపి తిప్పాలి.

మొదటి పేజీ చేతికిచ్చినప్పుడు సిస్టర్ ఆ గుర్తు మీద వేలు పెట్టి, “ఎవరు చెప్పిన్రు మీకు?” అంది.

“ఎవరూ చెప్పలే.”

నిలబడే ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదువుకుంది.

ఏ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పుతారు ఈ పని? ఏ పరీక్షలో అడుగుతారు? ఆ ఎండాకాలానికి రెండేళ్లుగా చేస్తున్నాను, నెలకు పన్నెండు పదమూడు పేజీలు. ఒక్క గీత పక్కకు పోలేదు. కొన్నాళ్లకు మాటలు కూడా తెలియడం మొదలైంది. జ్వరం, దగ్గు, బిడ్డ, నొప్పి. ప్రతి నెలా అవే కదా వచ్చేవి. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్తే నవ్వుతారు.

కాగితాలు తెచ్చేది, కొట్టినవి సిస్టర్ సంతకానికి తీసుకుపోయేది బొజ్జయ్య. రేగులగుంపు మనిషే, నలభై దగ్గర ఉంటాడు. వెదురు నరకడానికి పోయేవాడు, బొంగుల మోపు కాలిమీద పడి ఎముక విరిగినప్పటి నుంచి సిస్టర్ దగ్గరే పని. బస్సు వేళయ్యేదాకా నా బెంచీ మీద కూచుని వేళ్లు చూసేవాడు. నన్ను సారూ అని పిలిచిన మనిషి అతనొక్కడే.

“సారూ, నువ్వు దీన్ని కొడుతున్నవా, సూదేస్తున్నవా?” అన్నాడొకసారి.

“సూదేంది?”

“ఎనక్కి పోతవు, గుచ్చుతవు. మల్ల పోతవు, గుచ్చుతవు. సిస్టరమ్మ పిల్లగాండ్లకు గిట్లనే ఏస్తది. నీ కాగితం ఏడ్వదు, గంతే తేడా.”

గుచ్చడమంటే నిజంగా గుచ్చడమే. మిషనులో అక్షరాలు మెత్తగా పడతాయి. చుక్క, పై కామా సన్నవి, పదునెక్కువ. కాగితాన్ని చీల్చుకుని అవతలికి దిగుతాయి. రోలరు గుంటలు పడకుండా అన్నిటికంటే అడుగున ఒక మందపాటి కాగితం పెడతాం. అడుగు కాగితం అంటాం దాన్ని. నెలల తరబడి అదే వాడతాం. అందులో ఒక్క అక్షరం కనబడదు. గుచ్చుకున్న చుక్కలు, గీతలు, ప్రశ్న గుర్తుల కొక్కేలు, వాటి నల్లటి బొక్కలు తప్ప ఇంకేమీ ఉండదు.

ఆ ఎండాకాలం ఒకరోజు రిపోర్టు పెద్దదొచ్చింది. బొజ్జయ్య లేచి నిలబడి, “సారూ, జల్దీ, డ్రైవరు ఎక్కిండు,” అని తొందరపెట్టాడు. రోలరులోంచి మొత్తం దొంతి లాగి ఫైలులో పెట్టి ఇచ్చాను. అడుగు కాగితం కూడా దాంతోపాటే పోయింది. ఆ తప్పు నాదే. ఆ రోజు జరిగిన వాటిలో నిజమైన తప్పు అదొక్కటే.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక కానిస్టేబులు వచ్చి, “టైపాయనవు నువ్వేనా? మిషన్ ఎత్తు, నడువు,” అన్నాడు. ఎందుకో చెప్పలేదు. బస్సు దారిలో ఉన్న స్టేషను అది. ఊరి పేరు రాయను, రాస్తే ఇంకో కేసు.

బొజ్జయ్య గోడవారగా నేల మీద కూచుని ఉన్నాడు. చొక్కా లేదు. కింది పెదవి చిట్లి వాచింది. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి ఫైలు విప్పారట. ఏ కాగితమని అడిగితే దవాఖానా కాగితమన్నాడట. ఏ భాషని అడిగితే సిస్టరమ్మ భాషన్నాడట. ఆ రోజుల్లో, నక్సలైట్లు తిరిగే ఆ అడవిలో ఒక కోయ మనిషి చేతిలో చదవరాని కాగితం దొరికితే ఇంకేం కావాలి వాళ్లకు?

నా పేరు, చదువు అడిగి రాయించుకున్నాక ఎస్సై అడుగు కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. బొక్కల్లోంచి ఎండ ఆయన మొహం మీద చుక్కలు చుక్కలుగా పడింది.

“ఏందిది?”

“అడుగు కాగితం సార్. రోలరు ఖరాబు గాకుండ కింద పెడ్తం.”

“మరి అక్షరాలేవి? పైన కాగితం నిండ అక్షరాలుంటే కింద ఒక్కటి లేదేంది?”

“అక్షరం మెత్తగ పడ్తది సార్. చుక్కలు దిగుతయి.”

“చుక్కలు దిగుతయట.” ఆయన పక్కన నిలబడ్డ హెడ్డు కానిస్టేబులు వైపు తిరిగాడు. “ఎన్ని లెక్కపెట్టినవ్?”

“రెండు వందల ముప్పై దాంక వచ్చింది సార్. మధ్యల ఫోనొస్తే తప్పిపోయిన. మల్ల మొదలువెట్టిన,” అన్నాడు హెడ్డు చాలా శ్రద్ధగా.

“పైది ఉత్తుత్తి కాగితం. అసలు సంగతి ఈ బొక్కలల్ల ఉన్నది. అవునా?” అన్నాడు ఎస్సై. “నీకొస్తదా ఆ భాష?”

భయపడ్డాను. “రాదు సార్. చూసి కొడ్త.”

నాలుగింటికి జీపులో బొజ్జయ్యను పై అధికారుల దగ్గరికి పంపిస్తామన్నారు. ఎస్సై ఆ మాట టీ తెమ్మన్నంత మామూలుగా అన్నాడు. అట్లా జీపెక్కినవాళ్లలో ఇద్దరి సంగతి నాకు తెలుసు. ఒకడు ఆర్నెల్లకు తిరిగొచ్చాడు, కుడిచెయ్యి పైకి లేవదు. రెండోవాడి కోసం వాళ్లమ్మ ఎర్రమ్మ ఇంకా నా టేబులు దగ్గరికి వచ్చి అర్జీలు కొట్టించుకుంటూనే ఉంది.

గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. సిస్టర్ ఊళ్లో లేదు. వీసా పనిమీద హైదరాబాదు పోయింది, సోమవారం గానీ రాదు.

“సార్, నా మిషన్ ఇక్కడే ఉంది. మీ ముందర కొట్టి చూపిస్త. గుర్తులు ఎట్ల పడ్తయో మీరే చూడండి,” అన్నాను.

ఎస్సైకి సరదా పుట్టింది. బల్ల మీద మిషను పెట్టించాడు. తెల్ల కాగితం కింద ఇంకో కాగితం పెట్టి ఎక్కించాను. ఒక వరస కొట్టాను. వెనక్కి వచ్చి గీత పెట్టాను. దొంతి తీసి, తలకిందులు చేసి, ఖాళీ దగ్గర ఆపి, ఒక్క దెబ్బ. అంత చక్కగా నేనెప్పుడూ కొట్టలేదు. ఇద్దరు కానిస్టేబుళ్లు తొంగి చూశారు. ఒకడు “అరె!” అన్నాడు. అడుగు కాగితం తీసి చూపించాను. రెండు చుక్కలు, ఒక గీత, రెండు కొక్కేలు. అక్షరం ఒక్కటీ లేదు.

“చూసిన్రా సార్.”

“చూసిన,” అన్నాడు ఎస్సై. “ఏమని కొట్టినవ్?”

నోరు జారింది. గర్వమే జారించింది. “‘నొప్పి ఎక్కడ?’ అని సార్. రోగిని అడిగే మాట.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

“భాష రాదంటివి గద?”

“రెండేళ్లు కొడ్తే ఒకటి రెండు మాటలు తెల్వవా సార్.”

“ఏడో క్లాసు దాంక చదివిన,” అన్నాడు ఎస్సై, నా బదులు తనే చెప్తున్నట్టు. “ఆఫీసుల ముందర కూసుంట. వచ్చే పోయే కాగితాలన్ని చూస్త. ఫారిన్ భాష నేర్చుకుంట. ఎవ్వలికీ తెల్వకుండ కాగితం తిరగేసి రాస్త.” ఒక్కొక్క మాటకు ఒక్కొక్క వేలు మడిచాడు. “బొజ్జయ్య ఒక్కడే అనుకున్న. జీపుల ఇంకొకనికి జాగా ఉన్నది.”

నిజం చెప్పిన కొద్దీ మునుగుతున్నాం. చదువుకున్నవాడికి నాలుగు భాషలొస్తే పండితుడంటారు. నాకు ఒక భాషలో నాలుగు మాటలొస్తే ముద్దాయిననిపించారు. నేర్చుకోవడానికి కూడా పర్మిట్ ఉండాలి ఈ దేశంలో!

మూడుంబావుకు వెంకటరామారావు వచ్చాడు. సిస్టర్ సంస్థకు భద్రాచలంలో చిన్న ఆఫీసుంది, దానికి మేనేజరు. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, సత్తుపల్లి దగ్గర పొలాలు, బీకాం చదువు, ఇస్త్రీ చొక్కా. ఎస్సై కబురు చేస్తే వచ్చాడు. వచ్చీ రాగానే కుర్చీ వేశారు. బొజ్జయ్య వైపు గానీ నా వైపు గానీ చూడలేదు.

ఎస్సై కాగితాలు ఆయన ముందు పెట్టాడు. “మీ లెటర్లల్ల గిట్ల చుక్కలు, గీతలు ఉంటయా?”

ఆ రిపోర్టులు రెండేళ్లుగా ఆయన ఆఫీసు మీదుగానే పోస్టుకు పోతున్నాయి. కవరు మీద ముద్ర కొట్టేది ఆయనే. ఒక్కసారి విప్పి చూసి ఉంటే కదా.

“అబ్బే, ఇంగ్లీషు మిషను మీద ఇట్లాంటివి ఎక్కడుంటాయండీ,” అన్నాడు, నుదురు తుడుచుకుంటూ. “మా సిస్టర్ గారు జాలిపడి ఇతనికి పనిస్తున్నారు. చదువా, లేదు. మిషనా, పాతది. తప్పులు కొట్టుంటాడండీ. ఇవన్నీ తప్పులు.”

“తప్పులా?”

“తప్పులేనండీ. అచ్చు తప్పులు. చదువురానివాడి చేతికి ఫారిన్ లెటరిస్తే ఇట్లాగే తగలడుతుంది మరి.”

ఎస్సై మొహం తేటపడింది. నేను మిషనెక్కించి, కళ్లముందు చేసి చూపిస్తే నమ్మని మనిషి, కుర్చీలో కూచున్న చొక్కా మాటకు నమ్మేశాడు. నమ్మాడో లేదో కూడా చెప్పలేను. జీపు ఖమ్మం దాకా పంపడం, పైవాళ్లు ఫోనుల మీద ఫోనులు చేయడం, విదేశీ సిస్టరు, ఇదంతా ఆయనకు తలనొప్పి. తప్పులంటే పని తేలికైపోతుంది.

“ఏం వెంకటప్పయ్యా,” అన్నాడు. ఒక ఆఫీసరు నా పేరు పలకడం అదే మొదలు. “తప్పులేనా?”

తల తిప్పి బొజ్జయ్యను చూశాను. అతను నన్నే చూస్తున్నాడు, నేనేమంటానో అని. బయట జీపు డ్రైవరు బానెట్ మూసిన చప్పుడు వినబడింది.

“తప్పులే సార్,” అన్నాను.

“అయితే అదే కాగితం మీద పెట్టు. నీ మిషన్ మీదనే.”

ఎస్సై ఇంగ్లీషులో చెప్పాడు, నేను కొట్టాను. నేను చదువురానివాణ్ని. నాకు ఏ ఫారిన్ భాషా తెలియదు. కాగితాల మీద ఉన్న గుర్తులన్నీ నా అజ్ఞానం వల్ల, మిషను అరిగిపోవడం వల్ల పడిన తప్పులు. వాటికి అర్థం లేదు. ఆయన చెప్పిన ఆరు వాక్యాల్లో మూడు చోట్ల ఇంగ్లీషు తప్పుంది. చదువురానివాణ్నని రాసిచ్చే కాగితంలో ఆ మూడూ దిద్దే కొట్టాను. చేతులు ఊరుకోలేదు.

వెంకటరామారావు దాన్ని పైకి తెలుగులో చదివి వినిపించాడు, అందరికీ తెలియాలని. సంతకం పెట్టాను. హెడ్డు లెక్క ఆపేశాడు. బొజ్జయ్య చొక్కా ఒక కానిస్టేబులు కాలితో ఇటు తోశాడు.

బయట వేపచెట్టు కింద వెంకటరామారావు స్కూటరు తాళం తిప్పుతూ ఆగాడు. “చూశావుగా అప్పయ్యా, ఒక్క మాటతో తేల్చేశాను. ఇహ మీదట ఆ గీకుళ్లు పెట్టకు. ఉత్త అక్షరాలు కొట్టు చాలు. ఆవిడ అడిగితే మిషను పాడైందని చెప్పు.”

“మీరు చెప్పండి ఆమెకు,” అన్నాను.

“నేనెందుకు చెప్తాను?”

“రెండేండ్లు మీ చేతుల మీద పోయిన కాగితాలవి. అవి తప్పులని నా నోటితోని చెప్పించిన్రు గద. ఆమె ముందర నిలబడి మీ నోటితోని చెప్పండి. అప్పుడు మానేస్త.”

“ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?”

“తెలుస్తుంది. గీతకు, గీకుడుకు తేడా తెల్వని బీకాంతోని.”

స్కూటరు దుమ్ము రేపి పోయింది. మిషను భుజాన ఎత్తుకుని బస్సు దగ్గరికి నడిచాను. బొజ్జయ్య పక్కనే కుంటుతూ వస్తున్నాడు. మెప్పు మాట చెప్తాడని నేను ఎదురు చూశానని ఒప్పుకుంటాను.

“సారూ,” అన్నాడు చివరికి. “గూడెంల అడుగుతరు, పోలీసోళ్లు నిన్నెందుకు కొట్టిన్రని. ఏమని జెప్పాలె?”

“జరిగింది చెప్పు.”

“జరిగింది గాదు, నువ్వు రాసిచ్చిన దాని సంగతి జెప్పు. తప్పుల కాగితం మోసినందుకు కొట్టిన్రని జెప్పాల్నా? అప్పుడు నేను దెబ్బలు తిన్నది దేనికి? నీ కాగితం మంచిదని, సిస్టరమ్మ మాటని, పొద్దటిసంది గదే జెప్పిన. ఎన్ని కొట్టినా గదే జెప్పిన. నువ్వొచ్చి తప్పన్నవు.”

“జీపు, బొజ్జన్నా. జీపు చూసినవా?”

“సూసిన. అన్నందుకు నీ మీద కోపం లేదు. కాని నేను జెప్తే మా ఆడది నమ్మదు. నువ్వొచ్చి జెప్పు.”

భద్రాచలం బస్సు ఇటు, దుమ్ముగూడెం బస్సు అటు. మిషను ఒళ్లో పెట్టుకుని అతని పక్కన కూచున్నాను.

రేగులగుంపులో అతని భార్య ముత్తక్క ఇంటిముందు ఇప్పపూలు ఎండబోస్తోంది. మొగుడి పెదవి చూసింది, నన్ను చూసింది. జరిగిందంతా చెప్పాను. కాగితంలో ఏ తప్పూ లేదని, అడుగు కాగితం కలిసిపోవడం నా పొరపాటని, జీపు ఆపడానికే అట్లా రాసిచ్చానని, ఏదీ దాచకుండా చెప్పాను. చుట్టుపక్కల వాళ్లు పదిమంది చేరారు.

“జీపు ఆపినవు, మంచిగైంది,” అంది ముత్తక్క. “వచ్చే నెల మల్ల ఆపుతరు గద బస్సు. మల్ల ఈయననే దింపుతరు. మల్ల గవే గీతలు. అప్పుడు పోలీసాయన ఏమంటడు? ఒక్కపాలి తప్పు జేసినోడు రెండోపాలి జేస్తే ఊకుంటడా?”

నేనిచ్చిన కాగితం ఒక్క రోజుకే పనికొచ్చింది. గీతలు మానేస్తే సిస్టర్ రిపోర్టు మళ్లీ విజయవాడ కాగితం అవుతుంది. మానకపోతే బొజ్జయ్య వీపు.

“ఇగ కాగితాలు ఈయన మోయడు. నేనే తెస్త,” అన్నాను.

సోమవారం సిస్టర్ వచ్చి, నేరుగా ఆ స్టేషనుకు పోయి గొడవపడింది. క్షమాపణ చెప్పారట, ఆమెకు. టీ కూడా ఇచ్చారట. నా కాగితం వెనక్కివ్వమంటే, రికార్డులోకి ఎక్కింది, కుదరదన్నారు. బొజ్జయ్యకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

అప్పటినుంచి నెలకోసారి రిపోర్టు కొట్టి నేనే బస్సెక్కుతున్నాను. చెక్‌పోస్టు దగ్గర ఆ హెడ్డే ఎక్కుతాడు. ఫైలు విప్పి వెలుతురుకు పట్టుకుంటాడు. అన్ని గీతలూ ఉంటాయి, ఎక్కడివక్కడ, ఒక్కటీ తగ్గకుండా.

“ఏందయ్యా, మల్ల తప్పులేనా?” అంటాడు.

బస్సులో నలభై మంది నా వైపు తిరుగుతారు.

“అవ్ సార్, మల్ల తప్పులే,” అంటాను.